పాట మధ్యలో చెయ్యి కలిపిన ఓలువా

స్కోలవీక్ నుంచి హూసవీక్‌కి కొండ మీదుగా పాత నడకదారి ఒకటుంది. బస్సులొచ్చాక ఆ దారిన గొర్రెలూ నేనూ తప్ప ఎవరూ నడవరనుకునేవాణ్ణి. ఆ మే నెల పొద్దున సగం దారిలో ఉండగా పొగమంచు దిగింది. బాటసారి దారి తప్పకుండా ఎప్పటివాళ్ళో పేర్చిపెట్టిన రాళ్ళకుప్పల్ని ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతున్నాను. ఎదటి కుప్ప పక్కన ఒక ఆకారం కనపడింది. రెండడుగులు ముందుకి వేసింది, ఒకటి వెనక్కి వేసింది. మళ్ళీ రెండు ముందుకి, ఒకటి వెనక్కి. ఏదో గొణుగుతోంది కూడా.

ఉత్తరాన చలి సముద్రం మధ్యనున్న ఈ దీవుల్లో కొండల లోపల బూడిదరంగు బట్టల మనుషులు కాపురముంటారని పాతవాళ్ళు చెబుతారు. నేను నమ్మను. కాని నమ్మకపోవడం ఎండలో ఉన్నంత సులువుగా మంచులో ఉండదు. ఉన్నచోటే నిలబడిపోయాను. ఆకారం నత్తలా దగ్గరకొచ్చింది. మాటలు చెవిన పడ్డాయి.

"మడమ కిందకి మెత్తని దిండు, మరవకు పక్కకి తిప్పేది..."

కొండలోపలి మనుషులకి మడమ కింద దిండ్లతో పని ఉండదు కదా అని ధైర్యం తెచ్చుకుని, శుభోదయం అన్నాను. ఆవిడ ఆగిపోయింది. బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో, చేత్తో అల్లిన స్వెట్టర్ వేసుకుని ఉంది. యాభై దాటి ఉంటాయి. నా వంక చూసిన చూపులో మర్యాద అన్నది లేదు.

"పోయింది," అంది. "మళ్ళీ మొదటికెళ్ళాలి. నీ శుభోదయం వల్ల."

ఏం పోయిందమ్మా అంటే, పాట అంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తెగిపోతుందట. తెగితే మొదటి చరణం నుంచి ఎత్తుకోవాలి. అసలు మనుషులు తగలరనే ఈ కొండెక్కిందట. హూసవీక్ వైపు వెనక్కి తిరిగి, తప్పు నాది కాబట్టి ఊరు చేరేదాకా నోరు మూసుకుని వినమని శిక్ష వేసింది. రెండు ముందుకీ ఒకటి వెనక్కీ నడిచే మనిషితో ఊరు చేరడానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కవేసుకోండి. తొందరేమీ లేని మనిషిని నేను. విన్నాను.

ఆవిడ పేరు ఓలువా. హూసవీక్ మనిషే. దీవికీ దీవికీ మధ్య తిరిగే పడవలో ఇరవై ఏళ్ళు కాఫీ, సాసేజీలు అమ్మింది. ఎక్కినవాళ్ళలో ఎవరికి పాలు కావాలో ఎవరికి వద్దో అడక్కుండా ఇచ్చేది. తరువాత సముద్రం కింద సొరంగం పడింది, కార్లు నేరుగా పోసాగాయి, పడవ ఆగిపోయింది. అప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించి, మందులిచ్చి, మంచం సర్దే పనిలో తాత్కాలికంగా చేరింది. పని వచ్చు, ముసలివాళ్ళకి ఆవిడంటే ఇష్టం. కాని ఉద్యోగం స్థిరపడాలంటే ఏడాది చదువు చదివి పరీక్ష గట్టెక్కాలి. ఫిబ్రవరిలో ఒకసారి తప్పింది. జూన్‌లో మరొక్క అవకాశం ఉంది. అదీ తప్పితే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి పోతుంది, ఓలువా ఇంటికి తాళం వేసి రాజధాని టోర్షావ్న్ పోయి చేపల ఫ్యాక్టరీలో నిలబడాలి. ఈ సంగతంతా పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకునే చోట చెప్పింది.

పాట సంగతి చెప్పాలి. ఈ దీవుల్లో వాయిద్యం లేకుండా ఆడే ఆట ఒకటుంది. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. రెండడుగులు ఎడమకి, ఒకటి కుడికి. ఒకరు పాట నడిపిస్తారు, పల్లవికి అందరూ గొంతు కలుపుతారు. కథ రెండొందల చరణాలున్నా కాగితం చూడరు, చూస్తే పరువు పోతుంది. ఓలువా అలాంటి పాటల్లో పుట్టిన మనిషి. అచ్చులో ఉన్న వాక్యం ఆవిడ చేతిలో ఇసకలా జారిపోతుంది. పాటగా మారిస్తే మాత్రం మేకు దిగినట్టు దిగుతుంది. అందుకని చదువు మొదలుపెట్టిన వారానికే పాఠ్యపుస్తకం మొత్తాన్ని పాట కట్టేసింది. రాక్షసుల తలలు నరికే వీరుడి కథ ఒకటుంటే ఆ వరస తీసుకుంది. వీరుడి స్థానంలో చేతులు కడుక్కోవడం వచ్చింది, రాక్షసుల స్థానంలో చక్కెర జబ్బు, పక్షవాతం, మంచాన పడ్డవాళ్ళ ఒత్తుడు పుళ్ళు. నూటయాభై చరణాలు దాటింది. పల్లవి మాత్రం ఇది:

"తలుపు తట్టి పేరు చెప్పి చేతులు కడుక్కో,
నిలిచి ఒక్కసారి ముసలి మొహం చూసుకో."

బాగానే ఉందే, మరి ఎలా తప్పావు అని అడిగాను. ఆవిడ రెండడుగులు ముందుకేసి, వెనకడుగు వెయ్యడం మరిచిపోయి నిలబడింది.

పరీక్ష నోటితో. బల్ల మీద చీటీలు బోర్లించి ఉంటాయి. ఒకటి తియ్యాలి, అందులో ఉన్నదాని గురించి మాట్లాడాలి. బల్లకి అటువైపు పాఠం చెప్పిన టీచరు, ఊరు కాని ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి. ఓలువా చీటీలో వచ్చింది: ఒంట్లో నీరు తగ్గిన ముసలివాళ్ళను ఎలా గుర్తుపడతారు. ఎండిన నాలుక, తడబడే మాట, ముదురు రంగు మూత్రం. తెలిసినదే. కాని అది పాట చివర్లో ఉంది. అక్కడికి చేరాలంటే మొదటి చరణం నుంచి రావాలి. ఓలువా కళ్ళు మూసుకుని లోపల్లోపల ఎత్తుకుంది. చేతులు కడిగింది, పక్క సర్దింది, పళ్ళసెట్టు తోమింది. టీచరు ఏమైనా కావాలా అని అడిగింది. తెగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. బయటివాళ్ళకి కనపడిందల్లా ఒక ఆడమనిషి కుర్చీలో కళ్ళు మూసుకుని ఊగడం. టైమయిపోయిందన్నప్పుడు ఆవిడ చక్కెర జబ్బువాళ్ళ కాలిగోళ్ళ దగ్గరుంది.

నేను నవ్వలేదు. నవ్వే హక్కు మనలో ఎవరికుంది? చిన్నప్పుడు ఏడెనిమిదులు ఎంతరా అని అడిగితే ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ రానివాడెవడు? మాస్టారు బెత్తం ఎత్తేసరికి ఏడైదుల దగ్గర ఉండేవాళ్ళం. జ్ఞాపకం మీద లావుపాటి పుస్తకాలు చాలా చదివాను నేను, మూడు భాషల్లో. మనసులో మేడలు కట్టుకుని గదిగదికీ ఒక సంగతి పెట్టుకోమన్నవాళ్ళున్నారు, బాదంపప్పు నానబెట్టుకోమన్నవాళ్ళున్నారు. లోపలికి ఎక్కించడం గురించే అందరి మాటా. ఎక్కినదాన్ని అడిగిన క్షణాన, అడిగినచోట నుంచి బయటికి తియ్యడం వేరే విద్య అని అంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. నాకది హూసవీక్‌లో ఒక వంటగదిలో తెలిసింది.

ఆ వంటగది హానుస్‌ది. ఓలువా మేనమామ. ఎనభైకి దగ్గర పడ్డాడు. ఊళ్ళో ఆట జరిగితే పాట నడిపించేది ఆయనే. మేం ఊరు చేరేసరికి గుమ్మం ముందు నిలబడి పొగమంచును తిడుతున్నాడు.

"కొండ మీద గొర్రె తప్పిపోయిందేమో అనుకున్నా," అన్నాడు మేనకోడల్ని చూసి. "ఈ దేశదిమ్మరిని ఎక్కడ పట్టావు?"

"ఆయనే నన్ను పట్టుకున్నాడు మామయ్యా. పాట తెంపేశాడు."

కాఫీ వచ్చింది, గాలికి ఎండిన గొర్రెమాంసం పల్చగా కోసి పెట్టాడు, రొట్టె మీద రూబార్బ్ అనే పుల్లటి కాడల జామ్ పూసి ఇచ్చాడు. తింటూ తింటూ ఓలువా కళ్ళద్దాలు తడుముకుంది. లేవు. లేచి గుమ్మం బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చింది, స్వెట్టర్ విప్పినట్టు నటించింది, కుర్చీలో కూర్చుంది, కాఫీ అందుకున్నట్టు చెయ్యి చాచింది. అప్పుడు దొరికాయి, చక్కెర గిన్నె వెనక. హానుస్ ఇదంతా చూసి గడ్డం గోక్కున్నాడు. ఇంట్లో కూడా అంతేనట. ఏదైనా కనపడకపోతే పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజంతా మళ్ళీ నడుచుకుంటూ వస్తుందట. ఒకసారి తాళంచెవి కోసం మళ్ళీ కాఫీ కాచుకుని తాగిందట కూడా.

పరీక్షలో జరిగింది నేను చెప్పాను. మేనమామకి సిగ్గుపడి ఓలువా అసలు సంగతి చెప్పలేదు, ఏదో అడిగారు రాలేదు అని మాత్రం చెప్పిందట. ముసలాయన కాఫీ కప్పు పక్కన పెట్టాడు. తరువాత లేచి బల్ల గోడకి జరిపాడు.

"బయటికెళ్ళు," అన్నాడు. "నేను పిలవను. నువ్వే రా."

ఓలువా బయటికెళ్ళింది. హానుస్ నా చెయ్యి పట్టుకుని అడుగు వేస్తూ ఆవిడ కట్టిన పాటే ఎత్తుకున్నాడు. నెలల తరబడి పక్కింటి నుంచి వింటూ ఆయనకీ వచ్చేసిందట. మొదటి నుంచి కాదు, ఎక్కడో నడిమధ్య నుంచి. ఓలువా తలుపు తీసుకుని వచ్చి, విని, నిలబడిపోయింది.

"మొదటి నుంచి పాడు మామయ్యా."

"ఆట సగంలో ఉండగా వచ్చినవాళ్ళకోసం పాట మళ్ళీ మొదటికి తిప్పుతామటే? ఎప్పుడైనా తిప్పామా? ఎక్కడ సందు దొరికితే అక్కడ చెయ్యి కలుపుతావు. ఎక్కడ పాట నడుస్తుంటే అక్కడ నోరు కలుపుతావు. చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనేగా. పరీక్షకెళ్ళేసరికి నీకెందుకే మొదటి చరణం?"

నిజమే. ఈ ఆటలో ఎవరూ టైముకి రారు. ఆవులకి మేత వేసి ఒకరు, పిల్లల్ని పడుకోబెట్టి ఒకరు, నడుస్తున్న వలయాన్ని విడదీసి దూరతారు. దూరిన మరుక్షణం చరణం నోట్లో ఉంటుంది. ఆవిడకి ఆ విద్య ఉంది. ఆటగదిలో ఉందంతే, పరీక్షగదిలోకి తీసుకెళ్ళలేదు.

ఆరోజు ఎన్నిసార్లు బయటికెళ్ళిందో ఎన్నిసార్లు లోపలికి వచ్చిందో. మొదట్లో కోపం వచ్చింది. పక్షవాతం దగ్గర ఎత్తుకుంటే చక్కెర జబ్బులోకి జారిపోయింది. హానుస్ దయ చూపలేదు. ఒకసారి రెండు చరణాలు సరిగా కలిపి, మూడోదాని దగ్గర తెల్లమొహం వేసింది. అడుగు ఆగింది. ఫిబ్రవరిలో కుర్చీలో కూర్చున్నది ఈ మనిషే అని నాకు తెలిసిపోయింది.

"ఆగావు," అన్నాడు హానుస్.

"మరిచిపోయాను."

"మరిచిపోవడం తప్పు కాదు, ఆగడం తప్పు. పాట నడిపేవాడు చరణం మరిచిపోతే ఏం చేస్తాడు? పల్లవి పాడతాడు. కాళ్ళు నడుస్తూనే ఉంటాయి. చరణం దానంతటదే వచ్చి చేరుతుంది. రాకపోతే ఇంకోసారి పల్లవి."

తన కుర్రతనంలో ఒక పెళ్ళిలో పాట నడుపుతూ చరణం మరిచిపోయి పల్లవి మీద ఎంతసేపు తిప్పాడంటే, కొందరు కాఫీ తాగి వచ్చి మళ్ళీ వలయంలో కలిశారట. ఎవరికీ అనుమానం రాలేదట. ఆ పాటే అంత అనుకున్నారట. ఇది చెప్పి నవ్వాడు. ఓలువా కూడా నవ్వింది, ఆరోజుకి మొదటిసారి. తరువాత మరిచిపోయినప్పుడు ఆగలేదు. తలుపు తట్టి పేరు చెప్పి చేతులు కడుక్కుంది. రెండో చుట్టుకి చరణం దొరికింది.

మర్నాడు వెళ్ళిపోదామనుకున్న నేను ఉండిపోయాను. వలయానికి ముగ్గురైనా ఉండాలని హానుస్ అన్నాడు. రెండు వారాలయ్యేసరికి ముగ్గురేమిటి, ఊరంతా ఆ ఆటలో దిగింది. చిన్న ఊరు, నవ్వుకోవడానికి ఒక సంగతి దొరికితే వదలరు. ఓలువా కొట్లో పాలు తీసుకుంటుంటే కౌంటర్ దగ్గరమ్మాయి చిల్లర ఇస్తూ "మింగుడు పడనివాళ్ళకి అన్నం" అనేది. ఓలువా పాలడబ్బా పట్టుకుని అక్కడ్నుంచి ఎత్తుకోవలసిందే, లేకపోతే వెనక లైన్లో వాళ్ళు కదలనివ్వరు. బస్సు డ్రైవరు టికెట్టుకి బదులు ఒక చరణం పాడితే చాలనేవాడు. ఆవిడ స్నానం చేయించే ముసలమ్మ ఒకావిడ, సున్వా అని, తొంభై ఏళ్ళు, సబ్బు రాయించుకుంటూ "ఒత్తుడు పుండు రెండో దశ" అని అడిగి, తప్పు చెబితే నీళ్ళు చిలకరించేదట.

నిజం చెప్పాలంటే ఆవిడలో మారింది జ్ఞాపకం కాదు. పాట అదే పాట. ఎవరు ఎక్కడ ఆపినా మళ్ళీ ఎత్తుకోగలనన్న నమ్మకం కుదిరింది. కళ్ళద్దాలు కనపడకపోతే ఇప్పుడు పొద్దుట్నుంచి మొదలుపెట్టేది కాదు. గది మధ్యలో నిలబడి, "చివరిసారి దేన్ని చూశాను?" అని ఒక్క ప్రశ్న వేసుకునేది. సగంసార్లు దొరికేవి. మిగతా సగం నెత్తి మీదే ఉండేవి.

అయినా ఒక భయం పోలేదు. ఈ దీవుల్లో ఎవరైనా బుద్ధితక్కువ పని చేస్తే వాళ్ళమీద ఎగతాళి పాట కడతారు. ఆ పాట పాడేటప్పుడు ఆ మనిషిని ఇద్దరు గట్టివాళ్ళు చెరో పక్కనా పట్టుకుని ఆడించేవారట పూర్వం. పాట బాగుంటే మనిషి పోయినా పాట ఉంటుంది. ఓలువా ఒకసారి తప్పింది, సరే. రెండోసారి కూడా తప్పితే కట్టకుండా ఊరుకుంటారా?

"ఫ్యాక్టరీలో చేపలు కొయ్యడానికి భయం లేదు పెద్దాయనా," అంది నాతో. "నేను లేని ఊళ్ళో నా పాట పాడుకుంటారే, అది తలుచుకుంటేనే."

జూన్‌లో పరీక్షరోజు ఆవిడతో పాటు బస్సెక్కాను. సొరంగం పొడుగునా ఆవిడ కాళ్ళు సీటు కింద రెండు ఎడమకి ఒకటి కుడికి కదులుతున్నాయి. టోర్షావ్న్‌లో వాన. నేను స్కూలు ఎదుట బస్టాపు అరుగు మీద కూర్చున్నాను. లోపల జరిగింది తిరుగు ప్రయాణంలో ఆవిడ చెప్పిందే.

చీటీ తీసింది. మింగడం కష్టమైనవారికి భోజనం పెట్టడం. పాట సగం దాటాక వచ్చే చరణం. మనసు ఒక్కసారి మొదటి చరణం వైపు పరుగెత్తింది, చేతులు కడుక్కోవడం దగ్గరకి. ఓలువా దాని చెయ్యి పట్టి ఆపింది. కళ్ళు మూసుకోలేదు. కౌంటర్ దగ్గరమ్మాయి చిల్లర ఇస్తున్నట్టు ఊహించుకుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి, చిన్న చెంచాతో పెట్టాలి, మింగారో లేదో గొంతు చూడాలి, తొందరపెట్టకూడదు. వరసగా వచ్చాయి. అక్కడ పరీక్షాధికారి, నెమ్మదైన మనిషి, ఉత్తరపు దీవులాయన, మధ్యలో ఆపి అడిగాడు: తిన్న తరువాత?

తెల్లబోయింది. ఆ చరణం అందలేదు.

ఆగలేదు. "ఏ పనికైనా ముందు తలుపు తట్టాలి, పేరు చెప్పాలి, చేతులు కడుక్కోవాలి, మొహం చూడాలి" అంది. వాళ్ళు తలూపారు. చరణం రాలేదు. ఇంకోసారి అంది, మొహం చూడాలి అన్నది కాస్త ఒత్తి. రెండోసారి అంటుంటే బల్ల కింద చిన్న చప్పుడు వినపడింది. బూటు మడమ. రెండు, ఒకటి. రెండు, ఒకటి. తన కాళ్ళేమో అని చూసుకుంది. కావు, తనవి మెత్తటి చెప్పులు. పరీక్షాధికారి మొహం మాత్రం కాగితం మీదే ఉంది. చరణం వచ్చి చేరింది: నోట్లో మెతుకు మిగిలిందేమో చూడాలి, వెంటనే పడుకోబెట్టకూడదు, అరగంటైనా కూర్చోబెట్టి ఉంచాలి. చెప్పేసింది. బయటికి పంపి, లోపలికి పిలిచి, చెయ్యి కలిపారు.

"గట్టెక్కావా?" అని బస్టాపులో అడిగాను.

"నా చీటీ ఏమిటో అడగవేం?" అంది. నవ్వుతోంది, వాన చినుకులో కన్నీళ్ళో బుగ్గల మీద. అది చాలు.

శనివారం సాయంత్రం హానుస్‌కి ఎనభై నిండాయి. ఊరి ఆటగదిలో ఊరంతా చేరింది. బయట ఇంకా పట్టపగలులా ఉంది, జూన్ కదా. చెక్కనేల అడుగుల కింద దడదడలాడుతోంది. ఓలువా ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో మేనమామనూ పట్టుకుని నడుస్తోంది. రెండు పాత పాటలయ్యాక ముసలాయన గొంతు సవరించుకుని కొత్తది ఎత్తుకున్నాడు. మూడో మాటకే గది ఘొల్లుమంది. కుర్చీలో కళ్ళు మూసుకుని ఊగుతూ, అడిగింది నీళ్ళయితే గోళ్ళు కత్తిరిస్తున్న వీరనారి కథ. ఫిబ్రవరి పరీక్ష మొత్తం అందులో ఉంది. అంటే పాట కట్టనే కట్టాడు. గెలిచేదాకా దాచి ఉంచాడంతే.

"మామయ్యా, నువ్వు మనిషివి కావు," అంది ఓలువా.

హానుస్ పల్లవి అందుకున్నాడు. పల్లవి ఆవిడదే. తలుపు తట్టి పేరు చెప్పి. అందరికంటే పెద్ద గొంతుతో పాడింది ఓలువాయే.

కథ కొండ మీద మంచుదాకా వచ్చింది. ఎవడో దేశదిమ్మరి శుభోదయం చెప్పబోతున్నాడు. అప్పుడు ఓలువా స్వెట్టర్ జేబులో ఫోన్ మోగింది. ఒక చెయ్యి వదిలి తీసి చూసింది. సున్వా ఇంటి నుంచి. ఈ ఆటలో వెళ్ళిపోయేవాళ్ళు సెలవు తీసుకోరు, తీసుకుంటే పాట తెగుతుంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళ చేతులు ఒకదానితో ఒకటి కలిపి తప్పుకుంటారు. ఓలువా నా చేతిని హానుస్ చేతిలో పెట్టింది. ముసలాయన పట్టు బిగించాడు, అడుగు ఆగలేదు.

వలయం తిరిగి కిటికీ దగ్గరకి వచ్చేసరికి ఆవిడ రోడ్డు దాటుతోంది. మామూలు నడకే, కాస్త వేగంగా. ఎదటి ఇంటి ముందు ఆగి తలుపు తట్టింది. పెదాలు కదిలాయి. లోపలికి వెళ్ళిపోయింది. చేతులు కడుక్కోవడం ఇక్కణ్ణుంచి కనపడదు.